కొత్త పంపుకి పెట్టిన పసుపు

బడి పిల్లల వ్యాను నడిపే ఆడదాన్ని మా చిక్కడపల్లిలో జనం ఇప్పటికీ ఒకసారి తల తిప్పి చూస్తారు. మొదట్లో నాకు సిగ్గేసేది. తర్వాత అలవాటైంది. ఇంకొన్నాళ్ళకి, నిజం చెప్పొద్దూ, బాగానే ఉందనిపించింది. పొద్దున్నే అశోక్‌నగర్ సందుల్లోంచి, గాంధీనగర్ నుంచి పిల్లల్ని ఎక్కించుకోవడం, నారాయణగూడలో బడి గేటు దగ్గర దింపడం, మధ్యాహ్నం మళ్ళీ తెచ్చి ఎవరి గుమ్మంలో వాళ్ళని అప్పగించడం. ఇంతే నా పని. ఈ పాటి పనే మా ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసిందని వీధి వీధంతా ఎరుగును, మా ఇంట్లోవాళ్ళు తప్ప.

మా ఆయన ఆజామాబాద్‌లో ఒక కార్ఖానాలో ఫిట్టరుగా చేసేవాడు. అది మూతపడింది. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అని కొన్నేళ్ళు ఎదురు చూశాడు. ఇంకోచోట పని చూసుకోండి అంటే, "నిన్నగాక మొన్న పుట్టినవాడి కింద చెయ్యమంటావా?" అనేవాడు. నలభై దాటాక నేను డ్రైవింగు నేర్చుకున్నాను. చేతులు మారి మారి వచ్చిన పాత వ్యాను ఒకటి కొన్నాను. ఆ రోజు ఆయన అన్న మాట నాకు పొల్లుపోకుండా గుర్తుంది. "డ్రైవరు పనా? మన ఇంటా వంటా ఉందా?" అన్నాడు. మా అత్తగారు అందుకున్నారు. "మీ మామగారు సర్కారు కొలువని కృష్ణా జిల్లా నుంచి ఇంత దూరం వచ్చింది, కోడలు బండి తోలుతుంటే చూడ్డానికా?" అని. తల్లీ కొడుకులిద్దరూ ఆ పూట అన్నం తినలేదు. మర్నాటి నుంచి తిన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఆ వ్యాను తెచ్చిన బియ్యమే తిన్నారు. కానీ ఆయన మాత్రం ఆ బండిలో ఒక్కనాడు కాలు పెట్టలేదు. గుడికి వెళ్ళాలన్నా సరే, వ్యాను తీస్తానంటే వినిపించుకోకుండా రోడ్డు మీదికి పోయి ఆటో పిలిచేవాడు.

మొన్న దసరా సెలవులు ఇచ్చిన మర్నాడు వ్యాను కడుగుతుంటే కింద పచ్చగా చిన్న మడుగు కనపడింది. కూలెంట్ కలిపిన ఇంజను నీళ్ళు ఆ రంగులో ఉంటాయి. మా బండికి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటెత్తి టార్చి వేసి చూశాను. నీళ్ళ పంపు అడుగున ఒక చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి చుక్క చుక్క పడుతోందంటే ఆ పంపు పని అయిపోయినట్టే. ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పేది అదే. అది మొరాయిస్తే ఇంజను ఉడికిపోతుంది.

మా వీధి మెకానిక్ అప్పటికే షట్టరు దించి బతుకమ్మకి ఊరికి వెళ్ళిపోయాడు. దసరా ముందు హైదరాబాదులో మెకానిక్‌ని వెతకడం ఎండాకాలంలో నల్లా కింద బిందె పెట్టి కూర్చోవడం లాంటిదే. ఫోన్ చేస్తే వెనకాల డప్పుల మోత. "అక్కా, నేను ఊర్ల ఉన్న. పండుగ అయినంక ఇంకొన్ని దినాలకు వస్త. పంపు మార్చుడే, ఇంకేం లేదు. గట్లనే నడపకు, ఇంజన్ ఖరాబైతది," అన్నాడు.

బడి తెరిచేది సోమవారం. అతనొచ్చేది ఆ తర్వాత ఎప్పుడో. గాంధీనగర్ వైపు కొత్తగా ఏసీ వ్యాను ఒకటి తిరగడం మొదలైంది. మొన్న జూన్‌లోనే రెండిళ్ళవాళ్ళు నాకు ఒక మాటైనా చెప్పకుండా పిల్లల్ని అందులోకి మార్చేశారు. బడి తెరిచిన రోజున నేను వెళ్ళకపోతే మిగతావాళ్ళూ అటే పోతారు. ఇంటి ముందు పాత వ్యాను మిగులుతుంది, ఇంట్లో మేం ముగ్గురం మిగులుతాం. అంతకు మించి ఆలోచించడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"పంపేగా. నేను మారుస్తాలే," అన్నాడు మా ఆయన.

పేపరు చదువుతూ, తలెత్తకుండా అన్నాడు. నేను చేతిలో ఉన్న చీపురు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ వ్యాను గురించి ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మంచి మాట అది. ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని మారుమాట్లాడకుండా రాణీగంజ్ వెళ్ళి పంపు, పంపుకీ ఇంజనుకీ మధ్య నీళ్ళు కారకుండా వేసే ప్యాకింగు, కొత్త బెల్టు కొనుక్కొచ్చాను. వచ్చేసరికి ఆయన అటక మీంచి కార్ఖానా నాటి ఇనప్పెట్టె దించి, పానాలన్నీ కిరసనాయిల్లో కడిగి గుడ్డ మీద ఆరబెట్టాడు. చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా. వాటిని చూసుకుంటున్న ఆ మొహం చూస్తే నాకే కడుపు నిండింది.

అష్టమి నాడు పని మొదలుపెట్టాం. మాది పాతకాలపు ఇల్లు, గేటుకీ గుమ్మానికీ మధ్య వ్యాను పట్టేంత జాగా ఉంది. ముందు సీట్లు తీసి అరుగు మీద పెట్టాం. నీళ్ళు బకెట్లోకి వదిలేశాం. పుల్లీ విప్పాక లోపల పళ్ళ బెల్టు ఉంటుంది. దాన్ని కదిలించే ముందు ఏ పన్ను ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలట, లేకపోతే ఇంజను మళ్ళీ సరిగ్గా తిరగదట. "ఏదైనా రంగు ఉందా?" అన్నాడు. ఎప్పటిదో గోళ్ళ రంగు సీసా అడుగున కాస్త మిగిలి ఉంటే తెచ్చిచ్చాను. దాంతో చుక్కలు పెట్టాడు. ఒక అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడ విప్పాడో బొమ్మలో అక్కడే గుచ్చాడు. "అన్నీ ఒక పొడుగు ఉండవు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే ఇంజను గోడ చిట్లుతుంది. కార్ఖానాలో మేం ఇలాగే చేసేవాళ్ళం," అని చెప్పాడు.

ఇన్నేళ్ళలో ఆయన నాతో అంతసేపు మాట్లాడిన రోజు ఇంకోటి లేదు. నేను టార్చి పట్టుకున్నాను, అడిగిన పానా అందించాను. పాత పంపు ఊడి వచ్చాక ఇంజను మీద అంటుకుపోయిన పాత ప్యాకింగుని బ్లేడుతో ఓపిగ్గా గీకాడు. గీకిన చోట నా వేలు పెట్టించి, "చూడు. గరుగ్గా ఏమైనా తగులుతోందా? ఇక్కడ వెంట్రుకంత మిగిలినా నీళ్ళు కారతాయి. రెండు వైపులూ అద్దంలా ఉండాలి," అన్నాడు. నా వేలికి ఏమీ తగల్లేదు. అద్దంలాగే ఉంది.

ఇంకా పొద్దుంది. గంటలో బిగించెయ్యొచ్చు. అప్పుడు గుమ్మంలోంచి మా అత్తగారి గొంతు వినపడింది. "ఒరేయ్, రేపు ఆయుధ పూజ. పానాలన్నీ ఇప్పుడే కడిగి దేవుడి దగ్గర పెట్టు. రేపు వాటిని ముట్టకూడదు. బిగించేదేదో దశమి నాడు బిగించు, విజయం."

"ఇవాళే అయిపోతుందండీ," అన్నాను.

ఆయన అప్పటికే చేతులు తుడుచుకుంటున్నాడు. "అమ్మ చెప్పిందీ నిజమే. దశమి మంచిది," అన్నాడు. కార్ఖానాలో ఆయుధ పూజంటే మామూలు హడావుడి కాదు. యంత్రాలకి అరటి పిలకలు కట్టేవారు, గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టేవారు, అందరికీ మిఠాయి పొట్లాలు ఇచ్చేవారు. అది మూతపడ్డాక ఆయన పానాలకి పూజ లేదు. సరే, పాపం, ఆ ముచ్చట కూడా తీర్చుకోనీ అనుకుని ఊరుకున్నాను.

నవమి నాడు పీట మీద ముగ్గు వేసి, పానాలన్నీ పేర్చి, మధ్యలో కొత్త పంపుని కూర్చోబెట్టారు. అత్తగారు పసుపు ముద్దగా కలిపి తెచ్చారు. పానాలకి ఒక్కోదానికీ రాసి కుంకుమ పెట్టారు. పంపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. "దీనికెక్కడ పెట్టనురా? అన్నీ వంకరలూ బెజ్జాలేను," అని అటూ ఇటూ తిప్పి, నున్నగా మెరుస్తున్న వైపు చూసి, "ఆఁ, ఇదిగో," అన్నారు.

"అక్కడ కాదండీ అత్తయ్యగారూ, అది ఇంజనుకి అతుక్కునే వైపు," అన్నాను.

"అతుక్కునే వైపే పెట్టాలి. ఎప్పటికీ ఊడకుండా ఉంటుంది," అని ఆ నున్నటి అంచు పొడుగునా పసుపు పట్టించారు. కుంకుమ పెట్టారు, అక్షింతలు వేశారు. ఆయన పక్కనే చేతులు జోడించుకుని నిలబడ్డాడు. నేను ఆయన వంక చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పోనీలే, రేపు గీకేస్తాడు, ఆయనకి నేను చెప్పాలా అనుకున్నాను.

దశమి పొద్దున ఆయన పంపు పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళాడు. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, కొడుకు చేతి పని చూడ్డానికి. నేను గారెలకి పిండి రుబ్బుకుంటూనే బయటికొచ్చి మెల్లగా అన్నాను. "ఆ పసుపు శుభ్రంగా గీకెయ్యండి. మొన్న మీరే చెప్పారుగా."

మెల్లగా అన్నా అత్తగారి చెవిన పడనే పడింది. "పూజ చేసిన పసుపు గీకుతారటే? అందులోనూ విజయదశమి నాడు? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది," అన్నారు.

"నువ్వెళ్ళు, నేను చూసుకుంటాగా," అన్నాడు ఆయన. వెళ్ళాను. గారెలు వేసి ప్లేటు పట్టుకుని వచ్చేసరికి పంపు బిగించేసి, బెల్టు కూడా ఎక్కిస్తున్నాడు. "గీకారా?" అన్నాను. "ఆఁ, గీకాను," అన్నాడు, తల పైకెత్తకుండా.

నీళ్ళు పోసి ఇంజను స్టార్టు చేశాం. కాసేపు అలాగే వదిలేశాం. కింద కాగితం పరిచి చూశాను, చుక్క పడలేదు. వేడి చూపించే ముల్లు మధ్యలో కుదురుగా నిలబడింది. ఆయన మొదటిసారి ఆ బండిలో ఎక్కి కూర్చుని, కార్ఖానా జీపు నడిపిన అలవాటుతో వీధి చివరి దాకా పోయి, తిప్పుకుని వచ్చాడు. మా ఇంటి మీది వాటా ఇంటిగలవాళ్ళు హాస్టలుకి ఇచ్చారు. ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే పిల్లలు పిట్టగోడ మీద పుస్తకాలు పెట్టుకుని రెండ్రోజులుగా ఇదంతా చూస్తున్నారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. అత్తగారు కొడుక్కి దిష్టి తీశారు. నేనూ ఊరుకున్నానా? "మీ చేతిలో విద్య ఎక్కడికీ పోలేదండీ," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా ఒళ్ళు నాకే మండుతుంది.

సోమవారం పిల్లలందరూ వచ్చారు. ఒక్కరూ తగ్గలేదు. సెలవుల్లో ఎక్కడెక్కడికి వెళ్ళారో అందరూ ఒకేసారి చెబుతున్నారు. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు రోడ్డు మీద అడ్డంగా నిలబడి టీలు తాగుతుంటే హారన్ కొట్టుకుంటూ, తిట్టుకుంటూ బయటపడ్డాను. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద బళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అక్కడ నాకు ఒక వాసన తగిలింది, కూలెంట్ కాగుతున్నట్టు తియ్యగా, వేడిగా. ముల్లు వైపు చూశాను. సగం దాటింది. సందు దొరికితే పక్కకి తీద్దామని ఎడమకి కొడుతూనే ఉన్నాను. ముందు బస్సు, పక్కన ఆటో. మళ్ళీ చూసేసరికి ముల్లు ఎర్ర గీత మీదుంది. ఇంజను కట్టేశాను. మరుక్షణం నా కాళ్ళ దగ్గరి నుంచి పొగలు.

పిల్లలు కేకలు పెట్టారు. నేను ఎలా దిగానో, తలుపు ఎలా లాగానో నాకే తెలియదు. ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని దింపి ఫుట్‌పాత్ మీద వరసగా నిలబెట్టాను. అందరికంటే చిన్నది, జిరాక్సు షాపాయన కూతురు, నా మెడ పట్టుకుని వదల్లేదు. దాన్ని చంకనేసుకునే మిగతావాళ్ళ సంచులు దింపాను. ఎవరికీ ఏమీ కాలేదు. కాలు మీద వేడి నీళ్ళు చింది నాకు మాత్రం కాలింది. అదెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పిల్లల తల్లిదండ్రులకి ఫోన్లు చేశాను. ముందుగా వచ్చింది జిరాక్సు షాపాయనే. అశోక్‌నగర్‌లో పరీక్షల మెటీరియల్ జిరాక్సు తీసి అమ్ముతాడు, వీళ్ళందరిలోకీ ఆయన మాటే చెల్లుతుంది. కూతుర్ని నా చంకలోంచి లాక్కున్నాడు. "ఏందక్కా ఇది? పిల్లలున్నరు బండ్ల! బయల్దేరేటప్పుడే చూస్కోవాలె గద!"

"చూసుకునే బయలుదేరాను అన్నా."

"ఏం చూసుకున్నవ్? పొగలొస్తున్నయ్!"

నడిరోడ్డు మీద ఏం చెప్తాను. ఆటోకి తాడు కట్టించి, వెనక నేను స్టీరింగు పట్టుకుని బండిని ఇంటికి చేర్చాను.

మధ్యాహ్నం మళ్ళీ విప్పాం. ఈసారి నేను వంటింట్లోకి వెళ్ళలేదు. ఆయన పక్కనే చతికిలబడి కూర్చున్నాను. బోల్టులన్నీ విప్పి పంపుని కదిపేసరికి ప్యాకింగు దాంతో పాటే ఊడి వచ్చింది. దాని కింద, పంపు అంచు పొడుగునా, పసుపు. అక్కడక్కడ నీళ్ళకి కొట్టుకుపోయి దారులు పడింది. ఒకచోట అక్షింతల బియ్యపు గింజ, నాని ఉబ్బిపోయి, ప్యాకింగులో గుంట చేసుకుని మరీ కూర్చుంది.

ఆయన దాన్ని చూశాడు. నేనూ చూశాను.

"గీకానన్నారు," అన్నాను.

"అమ్మ ఎదురుగా కూర్చుందాయె. ఎలా గీకమంటావ్? పైపైన తుడిచాను. బిగిస్తే అణిగిపోతుందనుకున్నా."

"వెంట్రుకంత ఉన్నా కారతాయని నా వేలు పట్టుకుని చెప్పింది మీరు."

"సరేలే, ఇప్పుడు గీకుతున్నాగా. ఊరికే సాగదీయకు. అమ్మతో మాత్రం అనకు, బాధపడుతుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గింజ తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. గుక్కెడు నీళ్ళు తాగి వచ్చి నిదానంగా అన్నాను. "అత్తయ్యగారితో అనను. పసుపు మాటా ఎవరితో అనొద్దు. సాయంత్రం పిల్లల వాళ్ళొస్తారు. ‘పంపు బిగించడంలో నాదే పొరపాటు, ఇప్పుడు సరిచేశాను, మా ఆవిడ తప్పేం లేదు’ అని ఒక్క మాట చెప్పండి. అంతే. ఆ ఒక్క మాటతో నా పిల్లలు నాకుంటారు."

"చెప్తాలే," అన్నాడు.

అద్దంలా గీకాడు, కొత్త ప్యాకింగు వేసి బిగించాడు. ఇంజను గంటసేపు తిప్పినా చుక్క పడలేదు. ఇప్పటికీ పడలేదు. పనితనం లేదని నేనెప్పుడూ అనలేదు.

సాయంత్రం వచ్చారు. జిరాక్సు షాపాయన, బ్యాంకులో పనిచేసే ఒకావిడ, ఇంకా ఇద్దరు ముగ్గురు. గేటు లోపల వ్యాను చుట్టూ నిలబడ్డారు. అత్తగారు గుమ్మంలోంచే, "మొన్న పూజ చేశాం కాబట్టే పిల్లలకి ఏమీ కాలేదు నాయనా," అన్నారు. ఆ బ్యాంకావిడ నిజమేనన్నట్టు తల ఊపింది.

"అసలు ఏమైంది సార్?" అన్నాడు జిరాక్సు షాపాయన, నన్ను దాటి ఆయన వైపు చూస్తూ.

మా ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. సీటెత్తి ఇంజను చూపించాడు. పంపు ఏం చేస్తుందో, నీళ్ళు ఎలా తిరుగుతాయో కార్ఖానాలో కొత్తవాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళు వంగి వంగి చూశారు, ఊఁ కొట్టారు. ఆయన గొంతు పెరిగింది. నేను ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాను. ఇప్పుడంటాడు, ఇదుగో ఇప్పుడంటాడు.

"బండి పాతదండీ," అన్నాడు. "ఇలాంటి బండి నడిపేవాళ్ళ కన్ను ఎప్పుడూ ముల్లు మీదే ఉండాలి. ఆడవాళ్ళు రోడ్డు చూసుకోవడంతోనే సరిపోతుంది, ముల్లు ఎక్కడ చూస్తారు? సగం దాటగానే ఆపేసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు."

"ఏవండీ!" అన్నాను. అరిచాననే చెప్పాలి. ఇంక నేను దాచలేదు. "పంపు బిగించింది ఈయన. పూజలో పెట్టిన పసుపు గీకకుండా బిగించాడు. దాని మీద బియ్యపు గింజ కూడా ఉంది. అందుకే కారింది. మధ్యాహ్నం ఇద్దరం కళ్ళారా చూశాం. చెప్పండి, చూశారా లేదా?"

ఆయన వంగి, ఎత్తిన సీటు కిందికి దించాడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "పసుపు పెడితే నీళ్ళు కారతయా అక్కా?" అన్నాడు జిరాక్సు షాపాయన. పక్కనున్నాయన నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. నా చెవికి కూడా అది వెర్రి మాటలాగే వినపడింది. పైనుంచి చూసిన హాస్టలు పిల్లలున్నారు కదా అని తలెత్తి చూశాను. పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు, క్లాసులకి వెళ్ళిపోయారు.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఆడలేక మద్దెల ఓడన్నదట. బండి కాల్చుకొచ్చి నేను పెట్టిన పసుపు మీద పెడుతోంది. ముసల్దాన్ని, చల్లగా ఉండాలని పెట్టాను నాయనా," అని ఏడ్చారు. ఆ ఏడుపు నిజమే. ఆవిడకి నిజంగానే తెలియదు. తెలిసినవాడు పక్కన నిలబడి గుడ్డతో వేళ్ళ సందులు తుడుచుకుంటున్నాడు. అప్పటికే అవి శుభ్రంగా ఉన్నాయి.

"పెద్దామెను ఏడిపించకు అక్కా," అన్నాడు జిరాక్సు షాపాయన. తర్వాత కాస్త ఆలోచించి, "సార్, ఒక మాట. మాకు జర పరేషాన్ అయితాంది. మీకు మెషిన్ తెలుసు. మీరే నడిపితే మాకు ధైర్యముంటది," అన్నాడు.

"అవునండీ," అంది బ్యాంకావిడ. "రేపటి నుంచి మీరే రండి. ఆవిడ వెనకాల కూర్చుని పిల్లల్ని చూసుకుంటారు. అలాగైతే మేమెవరం మారం."

నేను ఆయన మొహం వంక చూశాను. ఇంటా వంటా లేని పని అన్నవాడు. ఈ బండిలో ఎక్కడం నామోషీ అని ఎండలో నిలబడి ఆటోలు పిలిచినవాడు. పసుపు సంగతి ఒప్పుకోకపోతే పోయె, ఈ మాటకైనా కాదంటాడు, పరువుకి పోయైనా కాదంటాడు అనుకున్నాను.

"మీరందరూ ఇంతగా అడుగుతుంటే కాదంటానా?" అన్నాడు.

వాళ్ళు నిశ్చింతగా వెళ్ళిపోయారు. గేటు వేసి ఆయన నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. ఏం కావాలో నోటితో అడగలేదు. తాళంచెవి నా బొడ్లో ఉంది. తీసి అరుగు మీద పెట్టాను, చేతికివ్వలేదు. ఆయన అక్కణ్ణించి తీసుకున్నాడు.

వెనక కూర్చోనని మొండికేసి ఉంటే ఏమయ్యేదని నన్ను కొంతమంది అడిగారు. ఏమయ్యేది? పిల్లల ఇళ్ళు ఆయనకి తెలియవు. ఏ పిల్లాడికి వాంతి వస్తుందో, ఏ పిల్లని దింపాక మెట్ల దగ్గరికి ఇంట్లోవాళ్ళు వచ్చే దాకా బండి కదలకూడదో ఆయనకి తెలియదు. ఆ పిల్లలు వేరే వ్యానెక్కితే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని మర్నాడు పొద్దున నేను తయారై వెనక సీట్లో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ సీటు ఇంత ఇరుకని నాకు తెలియనే తెలియదు. మోకాళ్ళు పెట్టుకోవడానికి చోటే లేదు.

"ఎటు?" అన్నాడు వీధి చివర.

"ఎడమకి," అన్నాను. ప్రతి మలుపులోనూ అడిగాడు, ప్రతి మలుపులోనూ చెప్పాను. గేర్లు గరగరలాడుతున్నాయి. ఒక్కో ఇంటి ముందు తల్లులు బయటికొచ్చి, "గుడ్ మార్నింగ్ సార్," అన్నారు. నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదది. అలవాటు ప్రకారం సంచులు అందుకుని లోపల పెట్టాను.

చివరికి జిరాక్సు షాపాయన కూతురు ఎక్కింది. ముందు సీటు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి నా ఒళ్ళోకి ఎక్కింది.

"ఆంటీ, నువ్వేంది వెనక కూసున్నవ్? బండి అంకుల్ ఎందుకు నడుపుతుండు?" అని అడిగింది, వ్యానంతా వినపడేలా.

పిల్లలందరూ నా వైపు తిరిగారు.

"అంకుల్‌నే అడుగమ్మా," అన్నాను.

ఆ పిల్ల నిజంగానే ముందుకి వంగి అడిగింది. రోడ్డు ఖాళీగా ఉంది, ఎదురుగా కుక్క కూడా లేదు. ఆయన హారన్ నొక్కి పట్టుకున్నాడు.